పదమూడు నిమిషాలు

టైపిస్టమ్మకు ఊరికే కోపం రాదు. వస్తే మాత్రం కళ్ళజోడు తీసి రుమాలుతో తుడవడం మొదలుపెడుతుంది. సోమవారం పొద్దున ఆమె రెండు అద్దాలూ తుడిచి మళ్ళీ మొదటి అద్దం దగ్గరికొచ్చేసరికి, తలుపు పక్కన స్టూలు మీదున్న బంట్రోతు చాపుకున్న కాళ్ళు వెనక్కి లాక్కుని బుద్ధిగా కూర్చున్నాడు.

"మళ్ళీ చెప్పండి. ఏమంటున్నారు?"

"ఈ మాట నేననలేదమ్మా," అంది బల్లకు అవతల నిలబడ్డ ఆవిడ.

ఆవిడది ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ యంత్రం మీద పని. దుప్పట్లు ఒక పక్క తడిగా వెళ్ళి, కాగే రోలర్ల మధ్య నలిగి, ఇంకో పక్క పొడిగా బయటికొస్తాయి. ఆ రోలర్ల మీద ఇనపమూత ఒకటుండాలి. ఆవిడ చెయ్యి రోలర్లో పడిన రోజు ఆ మూత లేదు. నువ్వే తీశావంటూ యాజమాన్యం ఆవిణ్ణి పనిలోంచి తీసేసింది. కార్మికుల ఫిర్యాదులు విచారించే ఈ ఆఫీసులోనే కేసు నడిచింది. పోయిన నెల తీర్పు వచ్చింది, తప్పు ఆవిడదేనని. మళ్ళీ విచారించమని అర్జీ పెట్టుకోవడానికి శుక్రవారం దాకా గడువుంది. అందుకోసమే తన వాంగ్మూలం నకలు తీసుకెళ్ళింది. తీసుకెళ్ళినదాన్ని ఇప్పుడు తిరిగి తెచ్చింది.

కుడిచేతి చర్మం మోచెయ్యి దాకా ముడతలు పడి నున్నగా మెరుస్తోంది. రెండు వేళ్ళు వంగవు. అందుకని ఎడమచేతి వేలితోనే మూడో పేజీలో ఒక వాక్యం చూపించింది. "మూత నేనే తీశాను" అని ఉందక్కడ.

"నాకు చదువు అంతంతమాత్రం. మా అమ్మాయి చదివి చెప్పింది. నేనిలా అనలేదు."

"చూడండమ్మా, రికార్డింగులో నాకేది వినబడితే అది కొడతాను. నా సొంత కవిత్వమేమీ కలపను. ఇరవయ్యారేళ్ళ నుంచీ ఇదే పని నాకు."

"మీరు కలిపారని కాదమ్మా..."

"మరి?"

టైపిస్టమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కంప్యూటర్లో ఆ రోజు ఫైలు వెతికి తీసి, తన హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చింది. ఆవిడ వాటిని ఎలా పెట్టుకోవాలో తెలియక కాసేపు తడబడితే, తనే లేచి సరిగ్గా పెట్టి, కావలసిన చోటికి జరిపి వినిపించింది. విచారణాధికారి ప్రశ్న: "మూత సంగతి చెప్పమ్మా." జవాబు: "మూత నేనే తీశాను." ఆ వెంటనే లాండ్రీవాళ్ళ లాయరు గొంతు, గదంతా దద్దరిల్లేట్టు: "తరవాతి విషయానికి వద్దామండి."

ఆవిడ "ఇంకోసారి," అంది. ఇంకోసారి వినింది. హెడ్‌ఫోన్లు తీసి, అవెక్కడ విరుగుతాయోనన్నట్టు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"గొంతు నాదే. మాట నాది కాదు."

"ఆ రెండూ వేరెలా అవుతాయమ్మా?"

"ఏమో మరి." కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "మూత నేనే తీశాను అని వాళ్ళంటున్నారు, నేను తియ్యలేదు, నేను డ్యూటీకి వచ్చేసరికే లేదు అని చెప్పాను. చెప్పానని నాకు తెలుసు. కానీ దీంట్లో లేదు కదా. ఇంకేం చేస్తాను." ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా వెళ్ళిపోయింది.

తగువు పెట్టుకుని ఉంటే టైపిస్టమ్మ ఆ సంగతి మర్చిపోయేదే. అరిచి వెళ్ళేవాళ్ళను వారానికి నలుగుర్ని చూస్తుంది. అరవకుండా వెళ్ళడమే ఆమెకు ఇబ్బందిగా తోచింది. చెయ్యాల్సిన పని పక్కన పెట్టి, తను పొరబడలేదని తనకే చూపించుకుందామని ఆ ఫైలు మొదటినుంచీ వినసాగింది. ప్రతి విచారణకూ ముందు అధికారి టైము చెప్పడం పద్ధతి. "సమయం పదకొండు ఇరవై," అన్నాడాయన మొదట్లో. చివర్న "సమయం పదకొండు యాభై అయిదు, విచారణ ముగిసింది," అన్నాడు. అంటే ముప్పై అయిదు నిమిషాలు. కంప్యూటర్ తెర మీద ఫైలు పొడవు ఇరవై రెండు నిమిషాలని ఉంది.

ఆమె వేళ్ళ మీద మళ్ళీ లెక్క వేసింది. పదమూడు నిమిషాలు తక్కువ.

*

మంగళవారం విచారణలు లేవు. అధికారి వేరే ఊరు వెళ్ళాడు. టైపిస్టమ్మ ఒక తెల్లకాగితం మీద నిలువుగా మూడు గీతలు గీసి, ఈ ఏడాది ఫైళ్ళన్నీ వరసగా తెరిచింది. మొదట్లో అధికారి చెప్పిన టైము, చివర్న చెప్పిన టైము, ఫైలు పొడవు. మధ్యలో ఏముందో వినలేదు. రెండు చివర్లు వినడం, రాయడం, అంతే. మధ్యాహ్నానికి నూట ఎనభై అయ్యాయి. లాయర్లు ఎదురెదురుగా వాదించుకున్నవాటిలో అర నిమిషం కూడా తేడా లేదు. లాయరు లేకుండా వచ్చి తమ బాధ తామే చెప్పుకున్నవాళ్ళ ఫైళ్ళు మాత్రం ఉతికితే పొట్టయిన బట్టల్లా ఉన్నాయి. పది నిమిషాలకు మించి తేడా వచ్చినవి నలభై మూడు.

రికార్డింగు సాఫ్ట్‌వేర్లో ఆమెకు తెలిసింది ఎర్ర బటన్ ఒక్కటే. హాలు పక్కనున్న ఈ చిన్న గదిలోకి గోడ లోంచి వైర్లు వస్తాయి. అధికారి గంట కొడితే ఆమె బటన్ నొక్కుతుంది, రెండోసారి కొడితే ఆపుతుంది. హాల్లో ఏం జరుగుతోందో ఆమెకు అప్పుడు తెలియదు, తరవాత హెడ్‌ఫోన్లలోనే తెలుస్తుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె ఆ బటన్ పక్కనున్న పళ్ళచక్రం బొమ్మ మీద నొక్కింది. పెద్ద పేజీ ఒకటి తెరుచుకుంది. "ధ్వని ఎక్కడినుంచి తీసుకోవాలి" అన్న చోట రెండు మైకుల పేర్లు కనిపించాయి. మొదటి దానికే టిక్కు ఉంది. అది అధికారి బల్ల మీది మైకు. సాక్షి కుర్చీ ముందున్న రెండోదానికి టిక్కు లేదు. మరి దాని దీపం రోజూ వెలుగుతూనే ఉంటుంది కదా! ఎవరైనా సరే, దీపం చూసి తమ మాట లోపలికి వెళ్తోందనే అనుకుంటారు.

కిందికి జరిపితే ఇంకో గడి. "శబ్దం లేనప్పుడు రికార్డింగ్ ఆపు." దానికి టిక్కు ఉంది. పక్కనే ఒక గీత, గీత మీద బొత్తాం లాంటిది. ఎంత చిన్న చప్పుడును చప్పుడు కాదనుకోవాలో దానితో చెప్పాలన్నమాట. బొత్తాం సగానికి పైనే ఉంది.

"ఇలా రావయ్యా ఒకసారి," అని బంట్రోతును పిలిచింది.

"టీ తేవాలా?"

"వద్దు. హాల్లోకెళ్ళి సాక్షి కుర్చీలో కూర్చో. ఏదో ఒకటి మాట్లాడు."

బంట్రోతు వయసు యాభై దాటింది. ఆ కుర్చీలో ఎందరెందరినో కూర్చోబెట్టాడు గానీ తనెప్పుడూ కూర్చోలేదు. "ఏం మాట్లాడమంటారు? నేనేం నేరం చేశాను?"

"మీ ఇంటి సంగతేదైనా చెప్పు. నీ మామూలు గొంతుతో, మధ్యమధ్య ఆగుతూ."

అతడు వెళ్ళి రెండు నిమిషాల తరవాత నవ్వుకుంటూ వచ్చాడు. టైపిస్టమ్మ హెడ్‌ఫోన్లు ఊడదీసి స్పీకర్లో పెట్టింది. బంట్రోతు గొంతు దూరంగా, స్పష్టంగా పలికింది: "మా ఆవిడకు వంట రాదు. ఆవిడ కంటే మా వదినే నయం."

బంట్రోతు నవ్వు ఆగిపోయింది. "అదేంటి! నేనన్నది అది కాదండీ బాబూ! మా ఆవిడకు వంట రాదు... అని మా అన్నయ్య అంటాడు, కానీ నాకు మాత్రం ఆవిడ చేతివంటే అమృతం అన్నాను. ఆవిడ కంటే మా వదినే నయం... అనేవాడు ఒక్కసారి మా వదిన చేతి కూడు తినాలి అన్నాను."

"మధ్యలో ఆగావు కదా?"

"మీరేగా ఆగమన్నారు. ఆగి, తల దించుకుని, కాస్త మెల్లిగా చెప్పాను. వదిన సంగతి కదా, గట్టిగా ఎలా చెప్తాం?" బంట్రోతు కంప్యూటరు వైపు భయంగా చూశాడు. "అమ్మగారూ, అది చెరిపెయ్యండి. మా ఆవిడ వింటే నాకు ఇంట్లో నీళ్ళు కూడా పుట్టవు."

ఇంకో రోజైతే టైపిస్టమ్మ పడీ పడీ నవ్వేది. ఆమె చెయ్యి అప్పటికే కళ్ళజోడు మీదికి పోయింది. తెలుగులో అనలేదనే మాట, అన్నారనే మాట, లేదనే మాట, అన్నీ వాక్యం చివరే ఉంటాయి. మనిషి గొంతు తగ్గేదీ అక్కడే. భయపడేవాళ్ళకైతే మరీను.

*

కంప్యూటర్లు చూసే మనిషి బుధవారం పొద్దున వచ్చాడు. పదిహేను ఆఫీసుల కంప్యూటర్లు అతని చేతిలో ఉంటాయి. ఎక్కడికెళ్ళినా హెల్మెట్ చేతికుండగానే పని చేస్తాడు, వెంటనే ఇంకోచోటికి పోవాలి గనక. ఆమె చెప్పిందంతా విని, "ఎంతసేపమ్మా, చిటికెలో పని," అని కుర్చీ లాక్కున్నాడు.

నిజంగానే ఎక్కువసేపు పట్టలేదు. రెండో మైకుకు టిక్కు పెట్టాడు. రెండు మైకులకూ రెండు వేరువేరు వరసలు పెట్టాడు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడినా విడదీసి వినొచ్చట. ఆమెను సాక్షి కుర్చీలోకి పంపబోతే, బంట్రోతే తనంతట తాను ఉత్సాహంగా వెళ్ళి ఈసారి ఒకట్లూ రెండ్లూ లెక్కపెట్టాడు. తెర మీద రెండో గీత ఆకుపచ్చగా ఎగిరెగిరి పడింది.

"మొదట్లో మాటలు కూడా కొన్ని పోతుంటాయి," అంది టైపిస్టమ్మ. "గంట వినగానే నొక్కుతాను గానీ, మధ్యాహ్నం పూట ఒక్కోసారి అన్నం డబ్బా కడుక్కుంటూ ఉంటాను. వచ్చేసరికి మొదలైపోయి ఉంటుంది."

"అయితే మీరు నొక్కనే వద్దు. టైము పెట్టేద్దాం." క్యాలెండర్ లాంటి పేజీ తెరిచాడు. రోజూ పది నుంచి ఒంటిగంట, మళ్ళీ రెండు నుంచి అయిదు. సెలవులు మినహాయింపు. "ఇక మీరున్నా లేకపోయినా పదయ్యేసరికి అదే మొదలవుతుంది. ఫైలు ఏ పేరుతో ఉండాలో, ఎక్కడ దాచాలో కూడా చెప్పేశాను. రేపటినుంచి."

"ఆ ఇంకో టిక్కు?"

"ఏది? ఓ, ఖాళీలు తీసేసేదా. అది తీసెయ్యాలా?" అతను తలతిప్పి ఆమెను వింతగా చూశాడు. "అది పెట్టమన్నది మీరే కదమ్మా."

"నేనా?"

"మీరే. మూడేళ్ళయి ఉంటుంది. 'జనం మాట్లాడేది తక్కువ, ఆగేది ఎక్కువ, ఖాళీ చప్పుడు వినీ వినీ నా చెవులు పోతున్నాయి, ఖాళీలు తీసేసే ఉపాయమేదైనా చూడు బాబూ' అన్నారు. ఫైళ్ళు కూడా చిన్నవవుతాయి కదా అని నాకూ బాగానే అనిపించింది." సంచిలోంచి నలిగిన పుస్తకం తీశాడు. ఏ ఆఫీసులో ఏ పని చేశాడో రాసి సంతకం పెట్టించుకునే పుస్తకమది. ఉమ్మితో వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి, ఒకచోట ఆపి, ఆమె ముందు పెట్టాడు. కింద ఆమె సంతకమే. మొదటి అక్షరం తోక పొడుగ్గా లాగి, చివర్న చుక్క పెట్టి.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. అతను చెప్పినంత వివరంగా కాదు. ఆ రోజు సాయంత్రం పని గంట ముందే అయిపోయిందనీ, హాయిగా బస్సులో కూర్చునే చోటు దొరికిందనీ గుర్తొచ్చింది.

"ఇప్పుడు సరిచేశాం కదా," అన్నాడతను ఆ టిక్కు తీసేసి, హెల్మెట్ సర్దుకుంటూ. "పాతవి ఎలాగూ తిరిగి రావు. రికార్డవని మాట గాల్లో పోయినట్టే. ఎవరికీ చెప్పకండి, నేనూ చెప్పను. ఇక్కడో సంతకం పెట్టండి."

పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్త కుట్టుమిషను ముందున్నాడు. ముందుగదిలోనే ఆయన దర్జీ పని. ఆమె జరిగిందంతా చెబుతుంటే మిషను ఆపకుండానే విన్నాడు. చివర్న పాదం ఆపి, పళ్ళతో దారం తెంపాడు.

"ఆ టిక్కు పెట్టించింది నువ్వని ఎవరికి తెలుసు?"

"కంప్యూటరతనికి."

"చెప్పనన్నాడుగా?"

"అన్నాడు."

"మరి నీకెందుకే ఈ తలనొప్పి? ఇంకా రెండేళ్ళుంది నీ ఉద్యోగం. ఆ లాండ్రీ ఆవిడ అర్జీ ఏదో తను పెట్టుకుంటుంది. అదృష్టం ఉంటే గెలుస్తుంది."

"ఏం చూపించి గెలుస్తుంది? ఆవిడ గొంతుతోనే ఆవిడ మీద సాక్ష్యం పుట్టించి పెట్టాను కదా నేను."

ఆయన చొక్కా తిరగేసి, కాలరు దగ్గర కుట్టు చూసి, నచ్చక మళ్ళీ మిషను కింద పెట్టాడు. కాసేపటికి, "ఆవిడకు పిల్లలా?" అన్నాడు.

"కూతురట."

"ఊఁ," అన్నాడాయన. ఇక ఆ సంగతెత్తలేదు. పొద్దున ఆమె లేచేసరికి తన డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ఆయన డబ్బా కట్టడం పెళ్ళయ్యాక అది మూడోసారో నాలుగోసారో.

*

గురువారం అధికారి పదికి ముందే వచ్చి హాల్లో తన బల్ల దగ్గర కూర్చుని ఆనాటి ఫైళ్ళు తిరగేస్తున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నెలకు నలభై విచారణలు వింటాడు, తీర్పు రాసేటప్పటికి ఎవరి ముఖమూ గుర్తుండదు, టైపు చేసిన కాగితం చూసే రాస్తాడు. టైపిస్టమ్మ కొట్టిన కాగితంలో తప్పుండదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ మాట పదిమందిలో చెబుతాడు కూడా.

ఆమె మూడు గీతల కాగితం ఆయన ముందు పెట్టి, నిలబడే చెప్పింది. మైకు సంగతి, టిక్కు సంగతి, నలభై మూడు ఫైళ్ళ సంగతి. టిక్కు ఎవరు పెట్టించారో కూడా చెప్పింది. లాండ్రీ ఆవిడ వాక్యం ఎలా తెగిందో చెప్పేటప్పుడు ఆయన కాగితం మీదినుంచి తలెత్తాడు.

"ఇప్పుడు బాగయిందా?"

"బాగయింది సార్."

"మరింకేం. ఇకముందు జాగ్రత్తగా ఉందాం."

"వెనకవి సార్?"

"వెనకవి తవ్వితే ఏమవుతుందో తెలుసా మీకు? నలభై మూడు తీర్పులు. ఒక్కోదానికి రెండు పక్షాలు, లాయర్లు, పైఅధికారులు. ఈ ఆఫీసు నవ్వులపాలవుతుంది. మీకు మెమో, నాకు బదిలీ." ఆయన గొంతు తగ్గించాడు. "చూడండి, మీరంటే నాకు గౌరవం. ఈ కాగితం పట్టుకెళ్ళి చింపెయ్యండి. మీరివ్వలేదు, నేను చూడలేదు. ఆ లాండ్రీ ఆవిడ అర్జీ పెడితే చూద్దాం, కొత్త ఆధారం ఏదీ లేకపోతే మామూలుగా కొట్టేస్తాం."

టైపిస్టమ్మ కాగితం తీసుకోవడానికి చెయ్యి చాపింది. తీసుకునేదే. ఆ తరవాత చాలాసార్లు తన భర్తతో ఆ మాట ఒప్పుకుంది, తీసుకుని వచ్చేసేదాన్నేనని. కానీ వంగినప్పుడు ఆమె కంటికి గోడగడియారం కనిపించింది. పది దాటి అయిదు నిమిషాలు.

"సార్," అంది. "పది దాటింది."

"అయితే?"

"ఇవాళ్టి నుంచి పదయ్యేసరికి దానంతట అదే మొదలవుతుంది. టైము పెట్టించాను. ఇదంతా రికార్డవుతోంది సార్."

అధికారి తన ముందున్న మైకు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నదాన్ని, అప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు చూశాడు.

"ఆపండి."

"ఆపుతాను సార్. కానీ అయినంతవరకూ ఉంటుంది. హాలు రికార్డు చెరపడానికి వీల్లేదని రూలు కదా." ఆయన ముఖం చూసి కంగారుగా అంది, "బెదిరించడానికి చెప్పలేదు సార్. నాకూ గుర్తులేదు. తెలిసి కూడా చెప్పకుండా ఉండటం బాగుండదని చెప్పాను. నేను చేసింది కూడా అందులోనే ఉంది."

తలుపు దగ్గర బంట్రోతు ఆ రోజు మొదటి కేసువాళ్ళను లోపలికి పంపబోయి, వీళ్ళిద్దర్నీ చూసి, వాళ్ళను చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. అధికారి కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఎంతసేపని ఎవరూ చూడలేదు గానీ, ఆ రోజు ఫైల్లో ఆ ఖాళీ నిమిషం నలభై సెకన్లుంది.

"సమయం," అన్నాడు చివరికి, విచారణ మొదలుపెట్టే గొంతుతో, "పది గంటల ఎనిమిది నిమిషాలు. వాంగ్మూలం ఇస్తున్నది ఈ కార్యాలయపు టైపిస్టు." ఆమె వైపు తిరిగాడు. "కూర్చోండి. ఇక్కడ కాదు. అక్కడ."

సాక్షి కుర్చీ ఆమె అనుకున్నదానికన్నా పొట్టిది. కూర్చుంటే అధికారి బల్ల ఎత్తుగా కనిపిస్తుంది, వెనక కిటికీ వెలుతురు సరిగ్గా కళ్ళలో పడుతుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆమె మైకు వైపు కాకుండా ఒళ్ళోకి చూస్తూ మొదలుపెట్టింది.

"ఆ టిక్కు నేనే పెట్టించాను," అంది. అని ఆగిపోయింది. తరవాతి మాట రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినప్పుడు అది ఆమెకే సరిగ్గా వినబడలేదు.

అధికారి ఈసారి, అందరితో అనేట్టు "గట్టిగా చెప్పండి" అనలేదు. వేచి ఉన్నాడు.

*

శుక్రవారం లాండ్రీ ఆవిడ అర్జీ పట్టుకుని వచ్చింది. టైపిస్టమ్మ ఆవిణ్ణి తన గదిలో కూర్చోబెట్టి, తాను గురువారం ఇచ్చిన వాంగ్మూలం నకలు ఒకటి చేతిలో పెట్టి, ఏం జరిగిందో నోటితో కూడా చెప్పింది. ఆవిడ తిడుతుందనుకుంది. తిట్టినా పడాలనుకుంది.

"అంటే నేనన్నది ఎక్కడా లేదా?" అంది ఆవిడ.

"లేదమ్మా. పోయింది."

"మళ్ళీ చెప్పాలా?"

"చెప్పాలి. మంగళవారం పిలుస్తారు."

"మొదటిసారి చెప్పడానికే నాలుగు రాత్రులు నిద్రపోలేదు." ఆవిడ మెరిసే చర్మం మీద ఎడమచేత్తో రాసుకుంది, దురద పెడుతున్నట్టు. "పని పోయింది సరే. మా అమ్మాయి ఆ కాగితం చదివింది చూడండి, 'మూత తీశావా అమ్మా' అని అడగలేదు. 'ఎందుకు తీశావమ్మా' అని అడిగింది."

టైపిస్టమ్మ "క్షమించండి" అందామనుకుంది. ఆ మాట చాలా చిన్నగా అనిపించి, లేచి అర్జీ మీద తేదీ ముద్ర తనే వేసి రశీదు ఇచ్చింది.

మంగళవారం విచారణ యాభై నిమిషాలు సాగింది. లాండ్రీవాళ్ళ లాయరు లేచి, ఆవిడ తన తప్పు మొదటే ఒప్పుకుందని ఎప్పట్లాగే గట్టిగా అన్నాడు. ఆ ఒప్పుకోలు చెల్లదని అధికారి చెప్పి, ఒప్పుకోలు ఉంది కదా అని మొదటిసారి ఎవరూ అడగని యంత్రాల మరమ్మతు పుస్తకం తెమ్మన్నాడు. రెండు రోజుల తరవాత పుస్తకం వచ్చింది. ఆ ఇనపమూత మడతబందు విరిగితే అతికించడానికి పంపినట్టు, ప్రమాదానికి మూడు రోజుల ముందు తేదీతో అందులో ఉంది. తిరిగొచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆవిణ్ణి పనిలోకి తీసుకోవాలని తీర్పు వచ్చింది, ఆ చేత్తో చెయ్యగలిగిన పనిలోకి.

టైపిస్టమ్మకు మెమో వచ్చింది. మిగతా నలభై రెండు కేసులవాళ్ళకు, మీ వాంగ్మూలం పూర్తిగా రికార్డు కాలేదు, మళ్ళీ వచ్చి చెప్పుకోవచ్చునని ఉత్తరాలు వెళ్ళాయి. అవన్నీ ఆమే కొట్టింది. అంతకుముందు రెండేళ్ళ ఫైళ్ళు కూడా ఇలాగే లెక్క చూడటం మొదలుపెట్టింది. అధికారి బదిలీ అవుతాడని కొందరు, అవడని కొందరు అనుకుంటున్నారు. ఆయన ఆమెతో అవసరమైనంతే మాట్లాడుతున్నాడు. కానీ ఏ విచారణలోనైనా సాక్షి ఆగితే ఆయనా ఆగుతున్నాడని, హెడ్‌ఫోన్లలో వినేది ఆమె కనక ఆమెకు తెలుసు.

తీర్పు నకలు తీసుకోవడానికి ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయికి పందొమ్మిదేళ్ళుంటాయి. భుజానికి పుస్తకాల సంచి, తల్లి పోలికే. టైపిస్టమ్మ ఇచ్చిన కాగితాలు అక్కడే నిలబడి గబగబా చదివేసి, తల్లి వైపు చూసి నవ్వింది. "అయిపోయిందమ్మా! నీ తప్పు లేదని రాశారు."

తల్లి నవ్వలేదు. "అప్పుడు ఆ కాగితం చదివి అది నమ్మావు. ఇప్పుడీ కాగితం చదివి ఇది నమ్ముతున్నావు," అంది. కోపంగా అనలేదు. టైపిస్టమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నేను చెప్పింది దీనికి వినిపిస్తారా?"

అలా వినిపించడానికి రూలు ఒప్పుకుంటుందో లేదో టైపిస్టమ్మ ఆలోచించలేదు. మంగళవారం ఫైలు తీసింది, సాక్షి మైకు వరస ఒక్కటే ఉంచింది. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు ఇచ్చింది. తల్లి గోడకానుకుని నిలబడింది, కూతురి ముఖం కనబడేలా.

అమ్మాయి మొదట బల్ల మీది పెన్నుతో ఆడుకుంటూ వింది. తరవాత పెన్ను పెట్టేసింది. తెర మీద ఆకుపచ్చ గీత చిన్నచిన్న అలలుగా పోయి పోయి, ఒకచోట చదునుగా అయిపోయింది. అమ్మాయి కాసేపు చూసి, హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపింది.

"ఆగిపోయిందండీ. ఏం వినబడటం లేదు."

టైపిస్టమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకమ్మా," అంది. "మీ అమ్మ ఇంకా చెబుతోంది."